పూర్వచిత్రం లేని చెయ్యి

"యంత్రంలో పెట్టాక మధ్యలో కరెంటు పోతే ఎట్లాగండీ?" అని అడిగాను.

అప్పటికింకా ఏమీ జరగలేదు. యంత్రం ముప్పై ఎనిమిది కిలోమీటర్ల అవతల జిల్లా ఆసుపత్రిలో ఉంది. నేను మా గడపలో ఉన్నాను. అడిగింది ఉత్తరం ఇచ్చి పోతున్న పోస్టుమాన్‌ని. ఆయన ఒక కాలు నేల మీద, ఒక కాలు పెడల్ మీద పెట్టి కాసేపు ఆలోచించాడు పాపం. "నాకేం తెలుస్తుందమ్మా, నేను పంచేవాణ్ణి" అని వెళ్ళిపోయాడు.

రాబోయే చెడ్డని ముందే పైకి అనేస్తే అది సిగ్గుపడి వెనక్కి పోతుందని మా అమ్మ చెప్పేది. నేను ఏడో తరగతితో చదువు ఆపేశాను గానీ ఈ పాఠం మాత్రం ఆపలేదు. అరవై రెండేళ్ళుగా అంటూనే ఉన్నాను. చాలా వెనక్కి పోయాయి. ఒక్కటి మాత్రం నేను అనకుండానే వచ్చింది. అనడానికి దాని పేరు నాకు తెలియదు మరి.

మా వాడు సోమేశ్వరం. ఊళ్ళో ఆ పేరుతో ఎవరూ పిలవరు, సోము ఆర్ట్స్ అంటారు. బోర్డులు రాసేవాడు. ఊరంతా ఫ్లెక్సీలు వచ్చిపడ్డాక కూడా వాడి అక్షరం కోసం దుకాణాలవాళ్ళు, ఆఫీసులవాళ్ళు రేకులు పట్టుకొచ్చేవారు. ఎర్ర అక్షరం, దాని వెనక నీలం నీడ. వాడి 'మ' చూసి, పీట మీద కూర్చున్న పెళ్ళికూతురిలా ఉందని కోడలు సుగుణ ముచ్చటపడేది. మూడేళ్ళ కిందట ఒకరోజు కుంచె వేళ్ళలోంచి జారింది. తర్వాత బొటనవేలి మొదట్లో కండ గుంటపడింది. తర్వాత ఎడమ చెయ్యి, ఆపైన కాళ్ళు.

డాక్టర్ విమలగారు నాకు అర్థమయ్యేట్టు చెప్పారు. "కండ కదలాలంటే నరం కబురు పంపాలి కదమ్మా. మీ అబ్బాయికి ఆ కబురు పంపే నరకణాలు ఒక్కొక్కటే రాలిపోతున్నాయి. కబురు అందని కండ కరిగిపోతుంది. మనసుకీ తెలివికీ ఏమీ కాలేదు." మా వాడి తెలివికి ఏమీ కాలేదని నాకు ఆవిడ చెప్పక్కర్లేదు. రోజూ వాడి చేత మాటలు పడేదాన్ని నేనే.

ఉత్తరం వచ్చేనాటికి వాడికి మాట ఉంది, మెడ ఉంది, కుడిచేతి చూపుడువేలు ఉంది. ఆ వేలితో నడిపే బ్యాటరీ కుర్చీ ప్రభుత్వం ఇస్తుంది. వంకాయ తొడిమంత పుల్ల ఒకటి ఉంటుంది దానికి, దాన్ని ఎటు నెడితే కుర్చీ అటు పోతుంది. "వేలు ఉండగానే తెప్పించుకోండి, ఆలస్యం చెయ్యొద్దు" అన్నారు డాక్టరమ్మ. అప్పట్నించీ పొద్దున్నే వంటింట్లోంచి నేను "వేలు?" అని అరవడం, వాడు మంచం పక్కనున్న స్టీలు గ్లాసు మీద గోటితో టక్ టక్ అని రెండుసార్లు కొట్టడం మామూలైపోయింది. ఆ చప్పుడు వింటే గానీ నేను పొయ్యి వెలిగించేదాన్ని కాదు.

ఉత్తరంలో ఇట్లా ఉంది: 'ఇకపై కండర క్షయమును కంటితో చూచి, చేతితో నొక్కి, నడిపించి నిర్ధారించు పాత పద్ధతి రద్దు చేయడమైనది. నేత్రసాక్ష్యము వ్యక్తిని బట్టి మారును. చిత్రసాక్ష్యము మారదు. కావున అయస్కాంత చిత్రము ద్వారా క్షయ శాతమును లెక్కించి, నలభై శాతము మించిన వారికే కుర్చీ మంజూరు చేయబడును. ఇట్లు, కండర క్షయ నిర్ధారణ మండలి.'

నేను కాగితం వెనక్కి తిప్పి కూడా చదివాను. చిన్న అక్షరాల్లో పద్నాలుగో అంశం, యంత్రం ఆగిపోతే ఏం చెయ్యాలో రాసి ఉంది. ఆగదని నమ్మకముంటే ఆ సంగతి రాస్తారా?

"ఒరేయ్ సోమూ, అది ఆగుతుందని వాళ్ళకీ తెలుసురా!"

"అమ్మా, అది ఎం.ఆర్.ఐ. యంత్రం. మన మిక్సీ కాదు" అన్నాడు వాడు.

కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి నా సంచిలో వేసుకున్నాను. ఆ సంచిలో టార్చి, తువ్వాలు, రెండు జతల బట్టలు, అమృతాంజనం, గొడుగు, ఓ పొట్లం పంచదార ఎప్పుడూ ఉంటాయి. సుగుణ దాన్ని 'మా అత్తగారి అంబులెన్సు' అంటుంది.

*

ఆటోలో తీసుకెళ్ళాం. యంత్రం దగ్గర ఖాజా అని మంచి పిల్లగాడు, ముప్పై ఏళ్ళుంటాయి, ఆ గదికి అతనే రాజు.

"ఇనుము ఏదీ లోపలికి రాకూడదమ్మా. తీసెయ్యండి."

మా వాడి మొలతాడుకి మూడు తాయెత్తులున్నాయి, తీశాను. జబ్బకి ఒకటి, మెడలో ఒకటి, వాడికి తెలియకుండా బనియన్ అంచులో కుట్టింది ఒకటి.

"ఇదెప్పుడు పెట్టావే?" అన్నాడు సోము.

"కిందటి శ్రావణంలో."

"అందుకా గీరుకుపోతుంది! నేను రోగమేమో అనుకున్నాను."

తర్వాత నా వంతు. గాజులకి పదకొండు పిన్నీసులు, సూత్రాల గొలుసుకి నాలుగు, కొంగు ముడిలో తాళాల గుత్తి. ఖాజా వాటిని ట్రేలో పోసి, "అమ్మా, మీరు పెద్ద పిన్నీసుల దుకాణం" అన్నాడు.

"బాబూ, లోపల మనిషి ఉండగా కరెంటు పోతే?"

"పోతే జనరేటరుంది. అయినా కరెంటు పోయినా అయస్కాంతం పోదమ్మా. పగలూ రాత్రీ లాగుతూనే ఉంటుంది. ఆ పసుపు గీత దాటి ఇనప ముక్క వచ్చిందా, మనిషి చేతిలోంచి లాక్కుంటుంది."

అంతకుముందు నాకు కరెంటు పోతుందన్న భయమే ఉండేది. ఇప్పుడు పోకపోయినా భయమే.

ఇంతలో ఓ కాగితం తెచ్చారు. చిత్రం తీస్తున్నంతసేపూ కదలనని రోగి స్వయంగా సంతకం పెట్టాలట. సోము ఆ కాగితాన్ని చూసి, "సంతకం పెట్టగలిగితే ఇక్కడికెందుకు వస్తాను? అయినా కదలననే హామీ ఒక్కటే నేను గట్టిగా ఇవ్వగలను" అన్నాడు. ఆ ముక్క కూడా పూర్తిగా నిజం కాదు. వాడి జబ్బల్లో, తొడల్లో కండ దానంతటదే తుళ్ళుతూ ఉంటుంది, చర్మం కింద చీమలబారు పోతున్నట్టు. ఆ జబ్బు గుర్తే అది. బొమ్మ చెదిరితే 'రోగి సహకరించలేదు' అని రాయాలట. ఖాజా మూడుసార్లు తీసి, ఉన్నంతలో నికరంగా వచ్చినదాన్ని ఉంచాడు.

గంటసేపు ఆ గోడ వెనక రోకళ్ళతో దంచుతున్నట్టు ఒకటే మోత. నేను బయట నిలబడి కొడుకుని పిండి కొడుతున్నారేమోనన్నంత భయపడ్డాను.

*

మండలి ఆఫీసు ఆ ఆసుపత్రిలోనే. దాని ప్రత్యేకాధికారి దక్షిణామూర్తిగారు డాక్టరు కాదు. అంతకుముందు తూనికలు కొలతల శాఖలో చేశారట. బల్ల మీద అన్నీ కొలిచి పెట్టినట్టు ఉంటాయి. ఆయనకు మనుషులంటే కోపం లేదు, నిజం చెప్పాలి. మేము వెళ్ళగానే ఫ్యాను పెంచారు. వాడి బొమ్మల్ని కిటికీ వెలుగుకి పట్టుకుని చూశారు.

"తెలుపు అధికముగా ఉన్నది."

"తెలుపంటే ఏంటి సార్?"

"కొవ్వు. తొడ చుట్టుకొలత సంతృప్తికరము. రోగి పౌష్టికత మెచ్చదగినదిగా మండలి నమోదు చేయుచున్నది."

చెప్పొద్దూ, ఒక్క క్షణం నాకు గర్వంగానే అనిపించింది. రెండేళ్ళుగా ముద్దముద్దకీ నెయ్యి వేసి తినిపించాను, ప్రభుత్వం గుర్తించింది. తర్వాత సోము మొహం చూశాను. వాడు ఆఫీసరుగారి వైపు కాకుండా ఆయన నెత్తి మీదకి చూసి నవ్వుతున్నాడు. బల్లి ఏమైనా ఆయన మీద పడబోతోందేమోనని నాకు హడలు. పడితే ఆ కోపం మా ఫైలు మీద చూపిస్తారు కదా.

"మరి శాతమెంతో రాయండి సార్" అన్నాడు సోము.

"అచ్చటనే చిక్కు. క్షయమనగా నేమి? పూర్వస్థితి నుండి ప్రస్తుత స్థితిని తీసివేయగా మిగిలినది. ప్రస్తుత చిత్రము ఉన్నది. పూర్వచిత్రము ఏది?"

"అంటే?"

"ఆరోగ్యముగా నున్నప్పుడు ఇదే యంత్రములో తీయించుకొన్న చిత్రము."

"బాగున్నప్పుడు ఎవరు తీయించుకుంటారయ్యా?" అన్నాను నేను.

దక్షిణామూర్తిగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "అమ్మా, కుటుంబమునకు ముందుచూపు కొరవడుట మండలి దోషము కాదు."

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నన్ను చాలామంది చాలా అన్నారు. పిరికిదన్నారు, గుబులుకుండ అన్నారు. పెళ్ళినాడు మా ఆయన, వంటపందిరికి నిప్పంటుకుంటుందని నేను ముందే నీళ్ళబిందె పక్కన పెట్టుకోవడం చూసి నవ్వాడు. కానీ నా అరవై రెండేళ్ళలో నాకు ముందుచూపు లేదన్నవాడు ఈయనొక్కడే.

"పరిష్కారము లేకపోలేదు" అని ఆయనే ఓదార్చారు. "నేటి చిత్రమునే పూర్వచిత్రముగా పరిగణించెదము. పద్దెనిమిది మాసముల అనంతరము మరల తీసి, తేడా చూచెదము."

"అంటే ఇవాళ్టికి నాకు రోగం లేదన్నమాట. శుభం" అన్నాడు సోము.

"పద్దెనిమిది నెలలకి వేలు పోతుంది బాబుగారూ! అప్పుడు కుర్చీ ఇస్తే దేంతో నడుపుతాడు?"

"అప్పుడు తేడా స్పష్టముగా కనబడును కదమ్మా" అన్నారు దక్షిణామూర్తిగారు, నిజంగానే సంతోషంగా.

*

అంతటితో ఆగితే బాగుండేది. పూర్వచిత్రం లేక మాలాగా వెనక్కి వచ్చినవాళ్ళు నలభై ఒక్కమంది అయ్యేసరికి మండలి కూర్చుని ఆలోచించింది. తప్పు నిబంధనలో కనపడలేదు, జనంలో కనపడింది. కాబట్టి జిల్లాలో ఆరోగ్యంగా ఉన్న ప్రతి మనిషీ తన పూర్వచిత్రం తీయించుకోవాలని ప్రకటన చేశారు. 'పూర్వచిత్ర పక్షోత్సవాలు' అని పదిహేను రోజులు పెట్టారు. రిబ్బన్ కట్ చేయడానికి కత్తెర తెస్తే ఖాజా గుమ్మంలోనే లాక్కున్నాడట.

జనం విరగబడ్డారు. ఉచితమంటే మనవాళ్ళు ఊరుకుంటారా? కబడ్డీ జట్టు మొత్తం వచ్చి పేర్లు రాయించుకుంది. పెళ్ళిసంబంధాలవాళ్ళు జాతకంతో పాటు పిక్కల బొమ్మ కూడా అడగడం మొదలుపెట్టారు. మా వీధి చివర మిల్లు ఓనరుగారు తన తొడ బొమ్మకి ఫ్రేము కట్టించి హాల్లో తగిలించారు, పక్కన ఆయన తండ్రిగారి ఫొటో, దానికి దండ. దక్షిణామూర్తిగారి గదిలో కూడా ఆయన రెండు తొడలూ వెలిశాయి.

ఇందులో నా పాపం కూడా ఉంది, దాచను. పేపర్లో ఆ ప్రకటన చదివినప్పుడు మొదటిసారి ప్రభుత్వం నా మాట విన్నట్టనిపించింది. రేపేమవుతుందో అని ఇవాళే కంగారుపడమని చెప్పే ప్రభుత్వాన్ని నేను పుట్టాక చూడలేదు. సుగుణ పేరు రాయించాను. వియ్యపురాలి పేరు రాయించాను. ఇంటి పాడిగేదె సంగతి కూడా అడిగాను, దానికి తలుపు చాలదన్నారు.

తర్వాత తెలిసింది, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకే యంత్రం మార్చి దాకా బుక్కైపోయిందని. రోగులకి తారీఖులు లేవు. అదే ఆఫీసులో అడిగితే, "రోగులు ఇప్పటికే రోగులు. వారికి తొందరేమున్నది?" అన్నారట.

ఇంట్లో టక్ టక్ కాస్తా టక్ అయింది. ఒక్కసారే. అదీ నేను రెండుసార్లు పిలిచాక.

*

సంక్రాంతి వెళ్ళాక దక్షిణామూర్తిగారే కబురు చేశారు. ఆయన మా కోసం నిబంధనలు వెతికారట. పూర్వచిత్రం లేనిచోట సమీప రక్తసంబంధి చిత్రంతో పోల్చవచ్చునట.

"నా రక్తమేగా బాబూ, నన్ను తీయండి" అన్నాను.

పిన్నీసులన్నీ ఒలిచి ఇచ్చి ఆ గొట్టంలో పడుకున్నాను. సోము గుమ్మం దగ్గర చక్రాల మంచం మీదున్నాడు. "కరెంటు పోదులే అమ్మా" అని కేకేశాడు. కొడుకు పడ్డ గంట నేనూ పడ్డాను.

వారం తర్వాత ఫలితం చదివారు. "తల్లి తొడకును, కుమారుని తొడకును గల భేదము తొమ్మిది శాతము. నలభై రాలేదు. దీనిని బట్టి రెండు నిర్ణయములకు అవకాశమున్నది. ఒకటి, కుమారునికి వ్యాధి లేదు. రెండు, తల్లికి కూడా ఉన్నది. రెండవదానిని మండలి తోసిపుచ్చజాలదు." అని నా చేతిలో కూడా ఒక కాగితం పెట్టారు. 'అనుమానితురాలు. పూర్వచిత్రము సమర్పించవలెను.'

నా సంగతి తెలిసిందేగా. ఆ కాగితం చేతిలో పడగానే రెండు కాళ్ళూ జివ్వున లాగాయి. నడిచి బయటికి రాగలనో లేదో అనుకుంటూనే నడిచి, పరుగెత్తి, డాక్టర్ విమలగారి గదిలో పడ్డాను.

ఆవిడ కాగితం చదివి పక్కన పడేశారు. "మీకేం లేదు, కూర్చోండి. వీళ్ళు తొడ లావు కొలిచారమ్మా, కండ కొలవలేదు. పరుపులో దూది తీసేసి గడ్డి కుక్కారనుకోండి, పైనుంచి చూస్తే లావు అంతే ఉంటుంది. ఆ బొమ్మలో తెల్లగా కనపడేదంతా మీవాడి కండ పోయినచోట చేరిన కొవ్వు. ఆ యంత్రం అబద్ధం చెప్పలేదు. ఏ కండ ఎంత పోయిందో, మందు పనిచేస్తుందో లేదో కనిపెట్టడానికి అది బంగారం లాంటిది. కుర్చీ ఇవ్వడానికి దాంతో పనేముంది? మనిషిని చూస్తే తెలియట్లా?"

"ఈ ముక్క వాళ్ళకి చెప్పొచ్చుగా తల్లీ!"

"మూడుసార్లు రాశాను. నా అభిప్రాయం నేత్రసాక్ష్యం కిందకి వస్తుందట."

*

ఫిబ్రవరి నెలాఖరున ఆఖరి విచారణ. దక్షిణామూర్తిగారు, సభ్యురాలిగా డాక్టర్ విమలగారు, సాంకేతిక విషయాలకి ఖాజా. ఇవతల వాడూ నేనూ నా సంచీ. ఆరోజు పొద్దున వేలు గ్లాసు మీద కొట్టలేదు. నేను వెళ్ళి చూస్తే కొడుతూనే ఉన్నాడు, చప్పుడు రావట్లేదు.

"తుది అవకాశముగా ప్రశ్నించుచున్నాను" అన్నారు దక్షిణామూర్తిగారు. "ఈ హస్తము ఒకప్పుడు పనిచేసెడిదనుటకు దాఖలా ఏమైనా కలదా?"

"మీ నెత్తి మీద ఉంది సార్" అన్నాడు సోము.

అందరం పైకి చూశాం. ఆయన కుర్చీ వెనక గోడకి నాలుగడుగుల రేకు. ఎర్ర అక్షరాలు, నీలం నీడ. 'ముందుచూపే మందు.' కింద మూలలో ఆవగింజంత అక్షరాల్లో 'సోము ఆర్ట్స్', పక్కన ఏడేళ్ళ కిందటి సంవత్సరం. అప్పుడర్థమైంది నాకు, వాడు చూసింది బల్లిని కాదని.

దక్షిణామూర్తిగారు కుర్చీ ఎక్కి మరీ దగ్గర్నించి చూశారు. గీతల మీద స్కేలు పెట్టారు. కొలతలంటే ప్రాణం కదా ఆయనకు. "అద్భుతము! రెండు 'మ'కారములకు వెంట్రుకవాసి భేదము లేదు. ఇట్టి హస్తము..." అని సోము చెయ్యి వైపు చూసి ఆగిపోయారు. ఆ ఒక్క క్షణం ఆయన కంటితో చూశారనే నా నమ్మకం.

"ఇది నిస్సందేహముగా పూర్వస్థితికి సాక్ష్యము."

నేను చేతులు జోడించేశాను.

"అయితే, సాక్ష్యము యంత్రములోనుండి వచ్చినదై యుండవలెను. ఖాజా! ఈ ఫలకమును చిత్రీకరింపుము."

ఖాజా తెల్లబోయాడు. "సార్, అది ఇనప రేకు."

"అయిన నేమి?"

"లోపలికి రానీకూడదు సార్. లాగేస్తుంది."

"నీవు మండలి తీర్మానమును ధిక్కరించుచున్నావా?"

"నేను కాదు సార్, అయస్కాంతం."

విమలగారు కూడా లేచి, "వద్దండీ, చాలా ప్రమాదం" అన్నారు. ఆయన వినలేదు. బంట్రోతు రేకు ముట్టుకోనన్నాడు. దక్షిణామూర్తిగారు తనే మేకులు ఊడదీసి, రేకుని రెండు చేతులా పట్టుకుని, పెళ్ళిలో అడ్డుతెర పట్టినట్టు ఎదురుగా పెట్టుకుని బయలుదేరారు. ఖాజా ముందు పరుగెత్తి, గొట్టంలో ఉన్న కబడ్డీ కుర్రాణ్ణి ఈడ్చుకొచ్చి, అందర్నీ వరండాలోకి నెట్టేశాడు. ఆయన్ని పట్టుకోబోయేసరికి ఆయన పసుపు గీత దాటేశారు.

నేను జీవితంలో చాలా ప్రమాదాలు ఊహించాను. రేకు ఎగురుతుందని మాత్రం ఊహించలేదు. ఆయన చేతుల్లోంచి గాలిపటంలా లేచి, గిర్రున ఓ చుట్టు తిరిగి, ధన్‌మని యంత్రం మూతికి అతుక్కుపోయింది. వెనకనే ఆయన తాళాలగుత్తి, జేబులో స్టీలు స్కేలు. ఆయనకు మాత్రం గీత కూడా పడలేదు. చేతులు రెండూ అలాగే ముందుకు చాపి, లేని రేకుని పట్టుకుని నిలబడిపోయారు. యంత్రం మూతి మీద మా వాడి అక్షరాలు నిటారుగా కనపడుతున్నాయి: 'ముందుచూపే మందు.'

"తిన్నగానే అంటుకుంది" అన్నాడు సోము, గుమ్మం బయట చక్రాల మంచం మీంచి.

ఖాజా ఫోన్ల మీద ఫోన్లు చేశాడు. చెన్నై నించి ఇంజనీర్లు రావాలి, అయస్కాంతాన్ని చల్లార్చాలి, మళ్ళీ రాజెయ్యాలి. రెండున్నర నెలలు తక్కువ కాదన్నారు.

దక్షిణామూర్తిగారు తన గదిలోకొచ్చి, గోడ మీద రేకు లేని ఖాళీ కింద కూర్చున్నారు. "యంత్రము లేదు. కావున సకల విచారణలూ వాయిదా" అని మెల్లగా అన్నారు.

అప్పుడు నేను సంచి తీశాను. టార్చి, తువ్వాలు, పంచదార పొట్లం ఆయన బల్ల మీద పరిచాను. అడుగున ఉంది ఉత్తరం. నాలుగు మడతలూ విప్పి, వెనక్కి తిప్పి, పద్నాలుగో అంశం మీద వేలు పెట్టాను.

ఆయన చదివారు. చదువుతుంటే గొంతు తగ్గింది. "యంత్రము ఏ కారణము చేతనైనను పనిచేయని యెడల, తదుపరి ఉత్తర్వుల వరకు పాత పద్ధతినే అనుసరింపవలెను."

"ఏడు నెలలుగా మోస్తున్నాను బాబుగారూ. ఆగుతుందని నాకు మొదట్నించీ భయమే" అన్నాను.

విమలగారు అప్పటికే కుర్చీ దగ్గరికి జరుపుకున్నారు. వాడి చెయ్యి తీసుకుని బొటనవేలి కింద గుంటలో నొక్కారు. చొక్కా చెయ్యి పైకి మడిచి జబ్బ మీద కండ తుళ్ళడం కాసేపు చూశారు. కాలెత్తమన్నారు, వాడు నవ్వాడు. మోకాలి మీద చిన్న సుత్తితో కొట్టారు. వేలు ఆడించమన్నారు, వాడు ఆడించాడు, ఆవిడ ఆ వేలిని ఓ క్షణం పట్టుకుని వదిలారు. అంతా నాలుగు నిమిషాలు. ఎనభై అయిదు శాతమని రాసి దక్షిణామూర్తిగారి ముందుకి తోశారు.

ఆయన కలం తీశారు. సంతకం పెట్టేముందు, "పాత పద్ధతిలో ఇంత వేగముగా తేలునని నాకెవ్వరూ చెప్పలేదు" అన్నారు నొచ్చుకుంటూ.

మిగతా నలభై మందినీ విమలగారు రెండు రోజుల్లో చూసేశారు. యంత్రం బాగయ్యాక మళ్ళీ పాత కథేనట. నేను మాత్రం ఆ చెన్నై ఇంజనీర్లు నెమ్మదిగా, బాగా పరీక్షగా చెయ్యాలని మొక్కుకున్నాను. నా మొక్కుల్లో ఇది కొత్తరకం.

*

కుర్చీ ఉగాదికి ముందే వచ్చింది. నల్లటి సీటు, పుల్ల, దాని పక్కన హారన్ మీట. మొదటి రోజు వాడు గుమ్మానికి గుద్దాడు, రెండోరోజు నా కాలికి గుద్దాడు. మూడోరోజు వాకిట్లో ముగ్గు చుట్టూ చెరపకుండా తిప్పి, "చూశావా, అక్షరానికి అంచు కొట్టడం మర్చిపోలా" అన్నాడు. వేలు అట్టే గట్టిది కాదు, ఎన్నాళ్ళుంటుందో విమలగారూ చెప్పరు, నేనూ అడగను. ఇది నేను అడగకుండా ఊరుకున్న మొట్టమొదటి సంగతి.

నిన్న పొద్దున వంటింట్లోంచి అలవాటుగా "వేలు?" అని అరిచాను.

జవాబు లేదు.

మళ్ళీ అరిచాను. లేదు. చెయ్యి తుడుచుకుంటూ వచ్చి చూస్తే మంచం ఖాళీ, గ్లాసు అక్కడే ఉంది, కుర్చీ లేదు. సుగుణ డ్యూటీకి పోతూ వాణ్ణి కూర్చోబెట్టి పోయినట్టుంది, నాకు ఒక్క మాట చెప్పకుండా. వీధిలోకి పరుగెత్తాను. చివరిదాకా మనిషి అలికిడి లేదు. బ్యాటరీ అయిపోయి ఉంటుందన్నాను. మురిక్కాలవలో పడి ఉంటాడన్నాను. గేదెలు అడ్డం వచ్చి ఉంటాయి, ఇసుక లారీ వచ్చి ఉంటుంది, వేలు పుల్ల మీదే బిగుసుకుపోయి కుర్చీ ఆగకుండా పోతూ పోతూ హైవే ఎక్కి ఉంటుంది. ఒక్కొక్కటే పైకి అన్నాను. ఎదురింటివాళ్ళు తలుపు తీసి చూసి మళ్ళీ వేసుకున్నారు.

"ఒరేయ్ సోమూ!"

నేను కొంగు నోట్లో కుక్కుకుని, ఇంక అనడానికి ఏ చెడ్డా మిగలక అలాగే నిలబడ్డాను. ఎంతసేపో.

టీ కొట్టు మలుపు అవతల్నించి వినపడింది.

పీం, పీం.